కాలువ కంపు కాదు

జోగయ్య దగ్గర కంపు కొట్టేది. ఈ మాటను మెత్తగా చెప్పడానికి తెలుగులో మార్గాలు ఉన్నాయి గాని, వాటిలో దేన్ని వాడినా తరువాత జరిగినది పాఠకులకు అర్థం కాదు. వారం రోజులు మూతపెట్టి మరిచిపోయిన గంజిలో చేపల పొలుసులు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ వాసన. దాని మీద బ్లీచింగు పొడి ఘాటు. అతను వీధి మలుపు తిరగకముందే అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. నేను జేబురుమాలు పెట్టుకునేవాణ్ణి.

మాది రాయగడ జిల్లాలో, గుణుపురం బస్సులు ఆగి వెళ్లే ఒక చిన్న పట్టణం. దాని పేరు రాయను. ఇందులో తప్పు చేసినవాళ్లు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారు, వాళ్ల జవాబు వినకుండా పేరు పెట్టడం న్యాయం కాదు. ఆ పట్టణంలో మురుగు కాలువలు తీసేవాళ్లు పన్నెండు మంది. అందరి తండ్రులో తాతలో పార్వతీపురం, బొబ్బిలి వైపు పల్లెల నుంచి వచ్చినవారే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో దేశియా అనే అక్కడి కొండ యాస మాట్లాడతారు. వీరిలో పదకొండు మంది కలిసి పన్నెండోవాడి మీద అర్జీ పెట్టారు. ఆ పన్నెండోవాడు జోగయ్య. వయసు నలభై నాలుగు. అర్జీలో మూడు మాటలున్నాయి. అతను తాగి వస్తాడు, స్నానం చేయడు, అతని దగ్గర కంపు భరించలేక పని చేయలేకపోతున్నాము కనుక తీసివేయాలి.

పదిహేడేళ్లుగా కలిసి పనిచేసినవాళ్లు ఆ నెలలోనే అర్జీ ఎందుకు పెట్టారన్నది నాకు కలిగిన మొదటి సందేహం. దానికి సమాధానం తేలికగానే దొరికింది. అంతకుముందు వాళ్లను పనిచోటికి ట్రాక్టరు తొట్టెలో తీసుకెళ్లేవారు. గాలి తగిలేది. ఆ నెల కొత్త వ్యాను వచ్చింది. పైన రేకు, మూడు వైపులా మూత, లోపల ఎదురెదురుగా రెండు బెంచీలు, వెనక తలుపు దగ్గర పారలూ బకెట్లూ పెట్టుకునే చోటు. జోగయ్యను ఆ బకెట్ల దగ్గర కూర్చోబెట్టినా పదకొండు మందికీ ఊపిరి ఆడలేదు. వాళ్ల బాధ అబద్ధం కాదు. ఆ సంగతి నివేదికలో కూడా రాశాను.

జిల్లాలోని ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు కార్మిక సంక్షేమ అధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, తెలుగు తెలిసినవాణ్ణి కనుక, విచారణ జరిపి నివేదిక ఇమ్మని మునిసిపల్ ఆఫీసు నన్ను కోరింది. నివేదిక వచ్చేదాకా జోగయ్యను పనిలోకి రావద్దన్నారు. కంపు పోతే ఉద్యోగం ఉంటుంది, పోకపోతే ఉండదు. గడువు మూడు నెలలు.

అర్జీలో మొదటి సంతకం గంగరాజుది. అందరిలోకీ పెద్దవాడు, మాటకారి. ఆఫీసు వెనక గదిలో మిగతా పదిమంది గోడకు ఆనుకుని నిలబడగా అతను నా ముందు కూర్చున్నాడు.

"బాబూ, అబద్దం నానెందుకాడతాను? మాం కాలవలో దిగినోల్లం. మాకు కంపు కొత్తేటి? సచ్చిన పంది కొట్టుకొచ్చినా ఓ బీడీ ఎలిగించి లాగీసినోల్లం. ఆడి కంపు అది కాదు బాబూ. ఆడు వ్యానెక్కితే పొద్దున్న తిన్న సద్దన్నం గొంతుకాడికొచ్చీసి కూకుంటాది."

"అతను తాగడం నువ్వు చూశావా?"

"సూసీదేటి? తాగనోడి కాడ అలాటి కంపుంటాదా?"

"నువ్వు తాగుతావా?"

గోడ దగ్గర ఒకడు కిసుక్కున నవ్వాడు. గంగరాజు తల గోక్కున్నాడు. "ఆదోరం నాడు, ఏదో ఓ సుక్క."

"సోమారం మాట సెప్పవేటి గంగన్నా?" అని వెనక నుంచి ఎవరో అందించారు. గదంతా నవ్వింది.

"ఆదివారం నీ దగ్గర ఈ వాసన వస్తుందా?"

నవ్వు ఆగింది. "రాదు బాబూ," అన్నాడు గంగరాజు, కాస్త ఆలోచించి.

మొదటి మాటకు సాక్ష్యం లేదని కాగితం మీద రాసుకున్నాను.

తరువాత జమాదారు సౌమ్యరంజన్‌ను పిలిచాను. కాలువల పని పంచేది అతనే. చదువుకున్న యువకుడు, ఇస్త్రీ చొక్కా, జేబులో అత్తరు పూసిన రుమాలు. పద్నాలుగు నెలల డ్యూటీ చార్టులు తెప్పించి ఒక రోజంతా కూర్చుని లెక్క చూశాను. మాంసం బజారు కాలువను ఆ పద్నాలుగు నెలల్లో అరవై ఒక్కసారి తీశారు. అందులో యాభై మూడుసార్లు దిగింది జోగయ్య ఒక్కడే. ఆ కాలువలో ఏముంటుందో చెప్పనవసరం లేదు. మేకల పేగులు, కోడి ఈకలు, గడ్డకట్టిన నెత్తురు, దాని మీద వెనక వీధి మరుగుదొడ్ల నీళ్లు. చేతి తొడుగులు ఇచ్చినట్టు చార్టులో గాని, స్టోరు పుస్తకంలో గాని ఎక్కడా లేదు.

"యాభై మూడుసార్లు ఒకే మనిషిని ఎందుకు పంపావు?" అని అడిగాను.

సౌమ్యరంజన్ ఏమాత్రం తడబడలేదు. "సార్, అతను ఎలాగూ వాసన కొట్టేవాడే కదా. ఇంకొకణ్ణి పంపితే ఇద్దరు కంపు కొడతారు. ఒక్కడితో పోతుంది," అన్నాడు. పొదుపుగా పని నడిపినందుకు మెచ్చుకుంటానని ఆశించినట్టు నా ముఖం వంక చూశాడు.

ఉద్యోగంలో నీచమైన మాటలు చాలా విన్నాను. వాటిలో ఎక్కువ కోపంలోనో భయంలోనో అన్నవి. ఇంత చల్లగా, లెక్క సరిచూసుకుని చెప్పినది ఇదొక్కటే. గంగరాజును మళ్లీ పిలిచి అదే అంకె చెప్పాను. యాభై మూడుసార్లు తమ వంతు తప్పిందని తెలిసినవాళ్లు ఆ మనిషి దగ్గర కంపు వస్తోందని అర్జీ పెట్టారు. అతను నేల చూపులు చూస్తూ లేచి వెళ్లాడు.

అప్పటికి నా అభిప్రాయం కూడా అందరిదే. అంత మురికి కాలువలో అన్నిసార్లు దిగినవాడు కంపు కొట్టక ఏం చేస్తాడు, తప్పు ఆఫీసుది, అని రాసి ముగించబోయాను. హాజరు పుస్తకం తిరగేస్తుంటే ఒక విషయం కంటపడింది. కిందటి ఆషాఢంలో గాజుపెంకు అరికాల్లో దిగి జోగయ్య పంతొమ్మిది రోజులు సెలవులో ఉన్నాడు. ఆ పంతొమ్మిది రోజులు అతను ఏ కాలువా ముట్టుకోలేదు.

మర్నాడు ఉదయం వాళ్ల ఇంటికి వెళ్లాను. పనివాళ్ల క్వార్టర్ల వరసలో చివరి గది. జోగయ్య భార్య గున్నమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. బక్కపలచటి మనిషి, గట్టి గొంతు.

"ఆ పంతొమ్మిది రోజులూ మీ ఆయన ఎక్కడ ఉన్నాడమ్మా?"

"ఎక్కడికెల్తాడు బాబూ? ఈ అరుగు మీదే. కాలు సాపుకుని రాజునాగ కూకునీవోడు, కూడొట్టుకెల్లి సేతికిచ్చీదాన్ని."

"స్నానం?"

"రెండు పూటలా. బకెట్టు నీల్లల్లో బ్లీచింగు కలిపి మరీ నెత్తిన పోసుకుంటాడు. మా ఇంట్లో సబ్బు కంటే అదే బేగి అయిపోద్ది."

"మరి ఆ రోజుల్లో వాసన తగ్గిందా?"

గున్నమ్మ చేట కింద పెట్టి నవ్వింది. "తగ్గడమేటి! పన్లోకెల్లినప్పుడు ఊరోల్లందరికీ తలో కాస్త పంచీసి వొచ్చీవోడు. ఇంట్లో కూకుంటే మొత్తం నాకే."

"ఈ సంగతి ఎవరితోనైనా చెప్పావా?"

"అడిగినోడెవుడు బాబూ?"

నేను ఆ అరుగు మీదే కూర్చుండిపోయాను. కాలువలో దిగని పంతొమ్మిది రోజుల్లోనూ వాసన తగ్గలేదంటే అది కాలువ వాసన కాదు. ఇంత చిన్న తీర్మానానికి రావడానికి చదువు అక్కర్లేదు. జమాదారుకు ముక్కుంది. పదకొండు మందికీ ముక్కులున్నాయి. నాకూ ఉంది. ఏళ్ల తరబడి అందరమూ ముక్కు మూసుకుని, వాడు చేసే పనిని చూసి, కారణం దొరికిందనుకున్నాము. వేరే పని చేసేవాడి దగ్గర, ఒక గుమస్తా దగ్గరో బడిపంతులు దగ్గరో ఆ కంపు వచ్చి ఉంటే వారంలో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉండేవాళ్లం.

ఆసుపత్రి మాట అడిగితే గున్నమ్మ లోపలి నుంచి రెండు చీటీలు తెచ్చింది. ఊళ్లోని ఒక ప్రైవేటు క్లినిక్కువి, మూడేళ్ల నాటివి. రెండింటిలోనూ చుండ్రు షాంపూ రాసి ఉంది. తలగుడ్డ విప్పమని డాక్టరు అడిగాడా అంటే, "గది గుమ్మంకాడే నిలబెట్టి మాటాడేడు బాబూ. ఫీజు మాత్రం లోపలికి రమ్మని తీసుకున్నాడు," అంది.

జోగయ్య కుళాయి దగ్గర నుంచి వచ్చి దూరంగా నిలబడ్డాడు. అవతలివాడి ముక్కుకు ఎంత దూరం కావాలో లెక్క తెలిసిన మనిషి. ఎండాకాలమైనా తలకు మందమైన తలపాగా. అది లేకుండా అతన్ని నేను చూసిన జ్ఞాపకం లేదు.

"తలపాగా ఒకసారి విప్పు, చూడాలి," అన్నాను.

"ఒద్దు బాబూ. అందులో ఏటీ నేదు. మచ్చ."

"ఏ మచ్చ?"

"పుట్టుమచ్చ. పుట్టినప్పుడు రూపాయి బిల్లంత ఉండీదంట. నెత్తి మీద మచ్చున్నోడు రాజవుతాడని మాయమ్మ సంబరపడిపోయింది. మంగలోడి కత్తి దాని మీద పడనిచ్చీది కాదు. నాను పెరిగితే అదీ పెరిగింది. పదిహేనేల్లొచ్చీసరికి ముడతలు పడిపోనాది. మావోల్లు నన్ను రాజుగోరూ అంటే ఏటనుకున్నారు?"

"అది నొప్పి పెట్టదా? చీము పట్టదా?"

"మచ్చకి కంపేటి బాబూ? కంపు కాలవది," అన్నాడు జోగయ్య, నాకు తెలియని విషయం ఓపికగా చెబుతున్నట్టు.

గున్నమ్మ లేచి నిలబడింది. "ఇప్పీ. కట్టుకున్న పెల్లాన్ని, తొమ్మిదేల్లుగా నాకే సూపించనేదు. పరాయి మనిసి, పెద్దాయన సూస్తానంటన్నారు. ఆయనకి నేని సిగ్గు నీకేటి? ఇప్పీ!"

అతను అటు తిరిగి విప్పాడు. ముందు తువ్వాలు. దాని కింద పాత లుంగీ పేలిక. దాని కింద బియ్యం సంచీ నుంచి కోసిన ప్లాస్టిక్కు, అంచుల వెంట సైకిలు ట్యూబు ముక్కతో బిగించి ఉంది. వాసన బయటికి పోకుండా తానే కనిపెట్టుకున్న మూత. దాన్ని లాగినప్పుడు తడి చర్మం మీంచి చప్పుడు చేస్తూ ఊడింది.

మేక తలకాయ కూర వండేవాళ్లకు తెలుస్తుంది, పుర్రె పగలగొడితే లోపల మెదడు ఎలా మడతలు మడతలుగా ఉంటుందో. జోగయ్య నడినెత్తి నుంచి మెడ వరకు తోలు అలా ఉంది. బొటనవేలంత లావు మడతలు, నల్లగా, మెత్తగా, ఒకదాని మీద ఒకటి ఒరిగి. వాటి మీద అక్కడక్కడ నాలుగు వెంట్రుకలు. మడతల మధ్య లోతైన సందుల్లో పెరుగు తరకలాంటి తెల్లటి పదార్థం, దాని కింద పసుపు చీము. బ్లీచింగు పడిన అంచులు ఉడికినట్టు తెల్లబడి, కొన్నిచోట్ల పచ్చి పుళ్లయ్యాయి. వెనక వైపు ఒక పుండు పాతకాలపు కానీ బిళ్లంత వెడల్పుంది. ఈగ ఒకటి అప్పటికే వచ్చి వాలింది.

నేను లేచి కుళాయి దగ్గరికి వెళ్లి వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని తిరిగి వచ్చేసరికి జోగయ్య మళ్లీ ప్లాస్టిక్కు తలకెత్తుకుంటున్నాడు. "సూసేరు కదా బాబూ," అన్నాడు, తప్పు చేసినవాడిలా. ఆ ప్లాస్టిక్కు నా చేత్తో లాగి అవతల పారేశాను.

బ్లీచింగు సలహా ఎవరిదని అడిగాను. గంగరాజుదట. ఆరేళ్ల కిందట, అప్పటికి స్నేహంగానే ఉండేవాడు, స్టోరు నుంచి ఒక డబ్బా పొడి తెచ్చి తానే కలిపి ఇచ్చాడట. "ఊరంత కాలవే దీనికి ఊరుకుంటాది, నీ తలకాయెంతరా?" అన్నాడట. అతని మేలు కోరే ఇచ్చాడు. కంపు ఎక్కడ ఉంటే అక్కడ బ్లీచింగు చల్లడమే జీవితమంతా చేసినవాళ్లు తలను కూడా కాలువలాగే శుభ్రం చేశారు. చల్లినకొద్దీ తోలు ఉడికింది, పుండు పడింది, కంపు పెరిగింది. పెరిగినకొద్దీ ఇంకో పిడికెడు.

జోగయ్యను కోరాపుట్‌లోని పెద్దాసుపత్రికి రైల్లో తీసుకెళ్లాను. ఆ దారిలో కొండల్లో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సొరంగం రాగానే పెట్టెలో గాలి ఆగిపోయి వాసన చిక్కబడేది. మొదటి సొరంగంలో ఎదురు బెంచీవాళ్లు లేచారు. రెండోదానిలో పక్క బెంచీవాళ్లు. ఒక పెద్దమనిషి మమ్మల్ని చూసి, వినబడేలా, "ఇలాంటోళ్లను రైలెలా ఎక్కనిస్తారో," అన్నాడు. జోగయ్య లేచి తలుపు దగ్గరికి వెళ్లి దారి పొడుగునా నిలబడే వచ్చాడు. కూర్చోమని నేను అనలేదు. అనాలని తెలుసు, కాని సొరంగాలు ఇంకా మిగిలి ఉన్నాయి.

చర్మ వైద్యురాలు డాక్టర్ సుభశ్రీ చిన్నది, ముప్పై దాటి ఉండవు. మాస్కు ఒకటే పెట్టుకుంది. జోగయ్యను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్క మడతా వేలితో తెరిచి, ఉప్పునీళ్ల గుడ్డతో తుడుస్తూ నలభై నిమిషాలు చూసింది. ఆ నలభై నిమిషాల్లో అతను రెండుసార్లు వెనక్కి జరగబోయాడు, ఆమెకు వాసన తగులుతుందని. రెండుసార్లూ ఆమె భుజం పట్టుకుని ముందుకు లాగింది.

తరువాత నాకు ఇంగ్లీషులో, అతనికి ఒడియాలో వివరంగా చెప్పింది. పుట్టుమచ్చ కణాలే నెత్తి తోలు నిండా పెరిగాయి. పుర్రె పెరగదు, తోలు పెరుగుతూనే ఉంటుంది. చోటు చాలక ముడతలు పడుతుంది. చాలా అరుదైన జబ్బు. అంటుకునేది కాదు, మురికి వల్ల వచ్చేది కాదు. ముడతల మధ్య చెమట, చనిపోయిన తోలు నిలవుండి సూక్ష్మక్రిములు చేరితే వచ్చేదే ఈ వాసన. ఇలాంటి మచ్చ కొద్దిమందిలో క్యాన్సరుగా మారవచ్చు కనుక వెనక ఉన్న పుండు అంచు ముక్క కోసి పరీక్షకు పంపాలి. మందులతో చీము తగ్గుతుంది, మడతలు పోవు. మొత్తం కోసి తీసేయాల్సిందే.

జోగయ్య అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. "కంపు పోద్దా అమ్మా?"

"పోవాలి," అంది డాక్టరు. పోతుందని మాట మాత్రం ఇవ్వలేదు. అందుకు ఆమెను గౌరవించాను.

ముక్క పరీక్షలో క్యాన్సరు లేదని తేలింది. ఆ పుండు బ్లీచింగు కాల్చినదే. తోడుగా గున్నమ్మ వచ్చింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి రోజూ కడిగి, మడతల మధ్య పొడి గాజుగుడ్డ పెట్టారు. ప్లాస్టిక్కు, బ్లీచింగు ఆపిన అయిదో రోజుకే వాసన సగానికి తగ్గింది. అంటే ఆ వాసనలో సగం, దాన్ని పోగొట్టడానికి ఆరేళ్ల పాటు రోజూ పడిన శ్రమే తెచ్చిపెట్టిందన్నమాట.

ఆపరేషను చేయవలసింది ప్లాస్టిక్ సర్జన్ దేబాశిష్. రెండు పద్ధతులు ఉన్నాయన్నాడు. మంచి తోలు కింద బెలూను పెట్టి, వారం వారం నీళ్లెక్కించి సాగదీసి, ఆ సాగిన తోలుతో ఖాళీ మూయడం ఒకటి. దానితో జుట్టు వస్తుంది. కాని నెలలు పడుతుంది, ఇంత చీము పట్టిన తలలో బెలూను కుళ్లే ప్రమాదం ఉంది. రెండోది, మచ్చంతా ఒకేసారి కోసేసి, తొడ మీంచి పలచటి తోలు తీసి అతికించడం. అక్కడ ఇక జుట్టు రాదు, నున్నగా, రంగు తేడాగా ఉంటుంది. ఈ తలకు రెండోదే మేలన్నాడు.

జోగయ్య ఒక పూట గడువు అడిగాడు. కత్తి పడనివ్వకు అన్నది తల్లి మాట. ఆమె చనిపోయి ఇరవై ఏళ్లయింది.

"రాజరికం సాల్లే," అంది గున్నమ్మ. "నలబైనాలుగేల్లు ఏలేవు. మాంసం బజారు కాలవ ఏలేవు. ఇక దిగు."

అతను వేలిముద్ర వేశాడు.

అయిదు గంటల ఆపరేషను. కోసి తీసిన తోలును పరీక్షకు పంపే ముందు సుభశ్రీ ట్రేలో పెట్టి బయటికి తెచ్చింది. గున్నమ్మ చూస్తానని పట్టుబట్టింది. పొడవు జానెడుకు కొంచెం తక్కువ, వెడల్పు దానికి తగినంత. నెత్తురు కడిగేశాక బూడిదరంగులో, ముడుచుకుని, సంతలో అమ్మే పొట్టపేగులా ఉంది. నేను చూపు తిప్పుకున్నాను. గున్నమ్మ వంగి చాలాసేపు చూసింది.

"దీనికేనా," అంది చివరికి, "నా మొగుణ్ణి తొమ్మిదేల్లు అరుగు మీద పడుకోబెట్టేను?"

ఆమె ఏడవలేదు. కొంగుతో ముక్కు మూసుకోనూ లేదు.

ఆరో రోజు కట్టు విప్పారు. అతుకు చాలావరకు పట్టింది. కుడి చెవి వెనక రెండువేళ్ల వెడల్పున పట్టలేదు, నల్లబడి చెమ్మ పట్టింది. తొడ మీద తోలు తీసిన చోట మంట భరించలేక రాత్రీ పగలూ మూలిగినవాడు, ఆ మాట విన్నాక మూలగడం మానేశాడు. ఏళ్ల తరబడి ఆ వాసనలో బతికిన అతని ముక్కుకు అది తెలియదు. అందుకని రోజూ తెల్లవారగానే భార్యను అడిగేవాడు.

"వస్తన్నాదా?"

"వస్తన్నాది," అనేది గున్నమ్మ. పక్క మంచం రోగి భార్య, "లేదని చెప్పరాదూ, పాపం," అంటే విసుక్కుంది. "ఊరోల్లు నేదని సెప్తారా? నాను సెప్తే ఏటైపోద్ది?"

నల్లబడిన చోటు గీకి, శుభ్రం చేసి, తొడ మీంచి ఇంకొక చిన్న ముక్క అతికించారు. గడువులో రెండు నెలలు అయిపోయాయి. రెండో అతుకు తరువాత పదకొండో రోజు ఉదయం నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆమె అతని వెనక నిలబడి, తల మీద దాదాపు ముక్కు ఆనించి, గట్టిగా పీల్చింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. జోగయ్య కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"నేదు," అంది. "మందు కంపు. నీ కంపు నేదు."

నివేదిక సమర్పించాను. తాగుడుకు సాక్ష్యం లేదు. స్నానం చేయడన్నది అబద్ధం. కంపు నిజం, దాని కారణం జబ్బు, ఆ జబ్బు తొలగింది. ఆసుపత్రి కాగితాలు జతచేశాను. కోసిన తోలంతా పరీక్షించినా క్యాన్సరు కనబడలేదని, ఏడాదికొకసారి చూపించుకోవాలని వాటిలో ఉంది. డ్యూటీ చార్టుల లెక్క వేరే పేజీలో రాశాను. ఆఫీసు జోగయ్యను తిరిగి తీసుకుంది. సౌమ్యరంజన్‌కు ఒక ఉత్తరం ఇచ్చి, ఇకమీదట వంతుల ప్రకారం పంపమంది. అతను సంతకం చేసి జేబులోంచి అత్తరు రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. అంతకు మించి అతనికి ఏమీ జరగలేదు.

జోగయ్య పనిలో చేరిన రోజు ఉదయం ఆరింటికి నేనూ ఆఫీసు గేటు దగ్గరికి వెళ్లాను. అర్జీలోని ఫిర్యాదు తీరిందో లేదో కళ్లతో చూడకుండా ఫైలు మూయడం నాకు అలవాటు లేదు. అతను తలపాగా లేకుండా వచ్చాడు. నడినెత్తిన రాగి రంగులో మెరిసే నున్నటి అతుకు, చుట్టూ పొట్టి జుట్టు. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అతను వ్యాను ఎక్కి బకెట్ల వైపు పోకుండా బెంచీ మీద, సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు. సద్దన్నం గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు.

పదకొండు మందీ కింద నిలబడి ఉన్నారు. ఎవరూ ఎక్కలేదు. గంగరాజు నా వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే జోగీ, ఏటీ అనుకోకు. కంపు పోయినాది, నాను కాదన్ను. కాని తొడ తోలంట కదరా? నడుం కింది తోలు నెత్తికెక్కిచ్చుకొచ్చేవు. పక్కన కూకుని మాం కూడెలా తింటాం, సెప్పు? నువ్వు ఎనక్కెల్లి కూకో. అలవాటైన సోటే కదా."

నేను చాలా ఫిర్యాదులు చూశాను. మూడు కారణాలు చెప్పి, మూడూ పోయాక, వ్యాను తలుపు దగ్గర నాలుగోదాన్ని పుట్టించినవాణ్ణి చూడటం ఇదే మొదలు. ఆ పాత కంపుకు వాంతి చేసుకున్నాను. ఆ ఉదయం దానికంటే ఎక్కువ రోత పుట్టింది. దీనికి ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో నాకు తెలియలేదు. ఏదో అనబోయాను. జోగయ్య నాకు చెయ్యి అడ్డం చూపాడు.

"గంగన్నా, ఇన్నేల్లూ కంపన్నారు. నిజం. నానే దూరంగా కూకున్నాను, ఎవుడూ సెప్పక్కర్లేకండానే. ఇప్పుడు నా కాడ కంపు నేదు, బాబుగోరు రాసిచ్చేరు, నా పెల్లాం సెప్పింది. నీకు అసియ్యమైతే నువ్వెల్లి బకెట్లకాడ కూకో. నాను లెగను."

ముందు ఒకడు ఎక్కి అతని ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకొకడు. అలా ఆరుగురు ఎక్కారు. వాళ్లలో ఇద్దరైనా నేను చూస్తున్నానని ఎక్కారని నా నమ్మకం. అతనికి ఆనుకుని ఒక్కడు మాత్రం కూర్చున్నాడు, మోకాళ్లు పక్కకు తిప్పుకుని. మిగిలిన నలుగురూ పారల మధ్య సర్దుకున్నారు. గంగరాజు లోపలికే రాక వెనక మెట్టు మీద, కడ్డీ పట్టుకుని వేలాడాడు.

"అందరూ ఎక్కేరా?" అని డ్రైవరు అరిచాడు.

"ఎక్కీవోల్లు ఎక్కేరు," అన్నాడు జోగయ్య. "పోనియ్."